పెట్టె నుండి మీట వరకు

ఓటు విలువను కీర్తించని వారు అరుదు. ఓటు వేసే తీరును గూర్చి ఆలోచించేవారు మాత్రం తక్కువ. ఎవరిని ఎన్నుకోవాలన్నది పెద్ద విషయమని, ఎలా ఎన్నుకోవాలన్నది కార్యాలయాల్లో గుమాస్తాలు చూసుకునే పని అని లోకంలో ఒక భావన ఉంది. అది సరైన భావన కాదు. ఓటు ఒక సమాధానమైతే బ్యాలెట్ పత్రం ఒక ప్రశ్న. ప్రశ్న వంకరగా ఉంటే సమాధానం సూటిగా రాదు.

భారతదేశంలో ఓటు వేసే పద్ధతి డెబ్బై ఏళ్ళకు పైగా మారుతూ వస్తున్నది. ప్రతి మార్పు వెనుక ఎక్కడో ఒక ఓటరు పడ్డ ఇబ్బంది ఉంది. దానిని ఎవరో గమనించారు, సరిదిద్దే ఉపాయం సూచించారు. కొన్ని సూచనలు వెంటనే అమలయ్యాయి, కొన్నింటికి ఇరవై ఏళ్ళు పట్టింది, మరికొన్ని నేటికీ కాగితాల మీదనే ఉన్నాయి. వాటిలో మంచి సూచన ఏదో తేల్చడానికి గీటురాయి ఒక్కటే. ఊరిలో అందరికంటె బలహీనుడైన ఓటరు, ఎవరికీ వెరవకుండా, ఎవరి ప్రాపకమూ లేకుండా తన మనసులోని మాట చెప్పగలుగుతున్నాడా లేదా అన్నదే ఆ గీటురాయి.

ఈ ఆలోచన ఆధునికులకు కొత్తగా తట్టింది కాదు. పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గంలో బౌద్ధ భిక్షుసంఘాల వివాదాలను పరిష్కరించే పద్ధతులు చెప్పబడ్డాయి. ఎంత చర్చించినా ఏకాభిప్రాయం కుదరనప్పుడు భిక్షువులు శలాకలు, అనగా చిన్న కర్రపుల్లలు తీసుకునేవారు. ఒక్కొక్క పక్షానికి ఒక్కొక్క రంగు పుల్ల. ఆ పుల్లలు పంచడానికి మూడు మార్గాలు ఉండేవి. మొదటిది గూళ్హకం, అంటే రహస్యంగా తీసుకోవడం. రెండవది సకణ్ణజప్పకం, చెవిలో చెప్పి తీసుకోవడం. మూడవది వివటకం, అందరి ఎదుట తీసుకోవడం. పుల్లలు పంచే భిక్షువుకు ప్రీతి, ద్వేషం, మోహం, భయం ఉండరాదని నియమం. ఎవరు శలాక తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో అతడు ఎరిగి ఉండాలి. నేటి ఎన్నికల అధికారికి ఉండవలసిన లక్షణాలు ఇంతకంటె ఏముంటాయి? అయితే ఆ నియమాలలోనే మరొక మాట కూడా ఉంది. అధర్మపక్షానికి ఎక్కువ పుల్లలు వచ్చినట్లు తేలితే, ఆ గ్రహణం సరిగా జరగలేదని పంచేవాడు దానిని తోసిపుచ్చవచ్చు. ధర్మమేదో నిర్ణయించే పని పుల్లలు పంచేవాడి చేతికే అప్పగించడమంటే దొంగచేతికి తాళం ఇవ్వడం కాకపోయినా, తాళం ఇచ్చి మంచివాడిగా ఉండమని ప్రాధేయపడడమే అవుతుంది. ఆ నియమం రాసిన పెద్దల సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. కానీ ఎన్నిక నడిపేవాడికి ఫలితంతో పని ఉండకూడదన్న సూత్రం లోకానికి చాలా ఆలస్యంగా బోధపడిందన్నది వాస్తవం.

గ్రీసు దేశపు ఏథెన్సు నగరంలో మరొక చిక్కు వచ్చింది. నగరానికి ప్రమాదకరంగా పరిణమించిన నాయకుణ్ణి పదేళ్ళు వెలివేయడానికి అక్కడి పౌరులు పగిలిన కుండపెంకులపై పేరు గీసి వేసేవారు. 1930ల దశకంలో ఏథెన్సు కోట పక్కన ఒక పాడుబడ్డ బావిలో థెమిస్టోక్లిస్ అనే నాయకుడి పేరు గీసిన పెంకులు సుమారు 190 బయటపడ్డాయి. అక్షరాల తీరు పరిశీలించిన పండితులు అవి పద్నాలుగు మంది చేతిరాతలేనని తేల్చారు. రాయడం రాని వారికి సాయం చేసే నెపంతో పంచిపెట్టడానికి ముందుగానే సిద్ధం చేసి ఉంచిన పెంకులన్న మాట! ఓటరుకు రాయడం రాకపోతే అతడి ఓటు రాతగాడి చేతిలో పడుతుందనడానికి ఇంతకంటె పాత సాక్ష్యం దొరకడం కష్టం.

స్వతంత్ర భారతం తన మొదటి సార్వత్రిక ఎన్నికలకు సిద్ధమైనప్పుడు ఎదుట నిలిచిన సమస్య సరిగ్గా ఇదే. ఓటర్లు 17 కోట్లకు పైబడి ఉన్నారు. వారిలో అత్యధికులకు అక్షరజ్ఞానం లేదు. చదువు వచ్చిన వారికే ఓటు ఇవ్వాలని వాదించినవారు లేకపోలేదు. రాజ్యాంగం ఆ మాట వినలేదు. అప్పుడు ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నాయకత్వంలో ఎన్నికల సంఘం ప్రజలను మార్చే ప్రయత్నం మాని, పద్ధతిని మార్చింది. పార్టీలకు, అభ్యర్థులకు గుర్తులు ఇచ్చారు. కాడెద్దులు, గుడిసె, కంకి కొడవలి వంటివి పల్లెవాసి నిత్యం చూసే వస్తువులు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనుప పెట్టె పెట్టి, దానిపై ఆ గుర్తు అంటించారు. ఓటరు ఏమీ రాయనక్కరలేదు, ఏ ముద్రా వేయనక్కరలేదు. ఇచ్చిన కాగితాన్ని తెర చాటుకు తీసుకుపోయి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. ఇందుకోసం ఇరవై లక్షలకు పైగా పెట్టెలు తయారయ్యాయి. 1951 అక్టోబరు 25న హిమాచల్ ప్రదేశ్‌లోని చీనీ తహసీలులో, మంచు కురిసి దారులు మూసుకుపోక ముందే మొదటి ఓట్లు పడ్డాయి. 1952 ఫిబ్రవరిలో ఆ మహాక్రతువు ముగిసింది.

అయితే పోలింగుకు ముందే, జాబితా తయారీలోనే ఒక లోపం బయటపడింది. ముఖ్యంగా ఉత్తరాదిలోని కొన్ని రాష్ట్రాలలో స్త్రీలు అపరిచితులకు తమ పేరు చెప్పలేదు. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని మాత్రమే రాయించుకున్నారు. పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. గడువు పొడిగించినా దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదు రద్దయింది. ఈ నిర్ణయం కఠినమైనదని నాడు కొందరు విమర్శించారు. ఒకరి భార్యగా మాత్రమే జాబితాకెక్కిన స్త్రీ ఓటు ఆ ఒకరి చేతిలోనే ఉంటుందన్న భయం ఆ కాఠిన్యంలో ఉంది. తరువాతి ఎన్నికలకు ఆ స్త్రీలలో అధిక సంఖ్యాకులు తమ పేర్లతోనే జాబితాలోకి వచ్చారు. 28 లక్షల మంది ఒక ఎన్నికను కోల్పోయి సంపాదించుకున్న పేర్లు అవి.

ఇక పెట్టెల పద్ధతిలోని లోపాలు క్రమంగా తేటపడ్డాయి. తెర చాటుకు వెళ్ళిన ఓటరు కాగితాన్ని పెట్టెలో వేశాడో, మడిచి జేబులో పెట్టుకున్నాడో చూసేవారు లేరు. బయటికి వచ్చిన కాగితానికి బజారులో ధర పలికేది. కొన్న వాడు అలాంటి కాగితాలు కొన్నింటిని పోగుచేసి తన మనిషి చేత ఒకే పెట్టెలో వేయించవచ్చు. కొందరు అమాయకులు కాగితాన్ని పెట్టె లోపల వేయక పెట్టె మీద పెట్టి నమస్కరించి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. పైగా అభ్యర్థులు పెరిగే కొద్దీ పెట్టెలూ పెరుగుతాయి, బండ్లూ పెరుగుతాయి, కాపలా భటులూ పెరుగుతారు. 1957 ఎన్నికల తరువాత ఈ పద్ధతిని విడిచిపెట్టారు. అందరు అభ్యర్థుల పేర్లు, గుర్తులు ఒకే కాగితంపై అచ్చువేసి, ఓటరు తనకు నచ్చిన గుర్తు పక్కన ముద్ర వేసి, ఒకే పెట్టెలో వేసే విధానం మధ్యంతర ఎన్నికలలో పరీక్షకు నిలిచి, 1962 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా వచ్చింది. పది సంవత్సరాలలో రెండు ఎన్నికలు చూసిన ఓటరు ముద్ర వేయగలడన్న విశ్వాసం కూడా ఈ మార్పులో కలిసి ఉంది.

ఆ ముద్ర ఆకారం గమనించదగినది. స్వస్తిక వలె నాలుగు కొమ్మలు ఒకే దిక్కుకు తిరిగి ఉండే గుర్తు అది. దానిని అలంకారం కోసం ఎన్నుకోలేదు. ఓటరు ముద్ర వేసి, తడి ఆరకముందే కాగితం మడిస్తే సిరా ఎదుటి పక్కన కూడా అంటుకుంటుంది. అప్పుడు ఒకే కాగితంపై రెండు ముద్రలు కనబడతాయి. గుండ్రని చుక్క అయితే ఏది అసలో ఏది నీడో తెలియక ఆ ఓటు చెల్లకుండా పోతుంది. ఈ గుర్తు మడతలో అంటుకున్నప్పుడు కొమ్మలు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. లెక్కించేవాడు చూడగానే పోల్చుకుంటాడు. తొందరపడి మడిచిన ఓటరును తప్పుపట్టకుండా, అతడి ఓటు వృథా పోకుండా కాపాడిన ఆ చిన్న యుక్తి ఎవరికి తట్టిందో గాని, సంస్కర్తల జాబితాలో వారికి చోటు ఉండవలసింది. ఒకరు రెండుసార్లు ఓటు వేయకుండా వేలిపై రాసే సిరా సంగతీ ఇటువంటిదే. వెండి లవణం కలిసిన ఆ సిరా వెలుగు తగిలితే నల్లబడి, గోరు పెరిగే దాకా పోదు. 1962 నుండి అది మైసూరులోని ప్రభుత్వ కర్మాగారం నుండి దేశమంతటికీ వస్తున్నది.

కాగితం తరువాత యంత్రం వచ్చింది. ఈ కథలో తెలుగునేలకు ప్రత్యక్ష సంబంధం ఉంది. ఎన్నికల సంఘం కోరిక మీద హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1970ల చివరలో ఓటింగ్ యంత్రపు నమూనాను సిద్ధం చేసింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ పనిలో భాగస్వామి అయింది. 1982లో కేరళలోని పరూర్ శాసనసభ నియోజకవర్గంలో యాభై పోలింగ్ కేంద్రాలలో యంత్రాన్ని మొదటిసారి వాడారు. అక్కడ ఒక విచిత్రం జరిగింది. యంత్రం వద్దని పోలింగుకు ముందే న్యాయస్థానం మెట్లెక్కిన అభ్యర్థి 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. ఓడిన అభ్యర్థి ఆ ఎన్నికను సవాలు చేశాడు. చట్టంలో యంత్రం మాటే లేనప్పుడు దానితో ఓట్లు తీసుకునే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ యాభై కేంద్రాలలో కాగితాలతో మళ్ళీ ఓటింగు జరిగింది. ఫలితం తారుమారైంది. మంచి ఉపకరణమైనా చట్టం గడప దాటి లోనికి రావలసిందేనని ఆ తీర్పు తేల్చింది. 1988లో చట్టాన్ని సవరించారు. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని పదహారు నియోజకవర్గాలలో వాడి చూసి, 2004 లోక్‌సభ ఎన్నికలలో అన్ని స్థానాలకూ యంత్రాలనే వినియోగించారు.

యంత్రంతో చెల్లని ఓట్లు దాదాపు అంతరించాయి. గీత మీద ముద్ర పడిందనే వాదులాటకు తావు లేకుండా పోయింది. దౌర్జన్యంగా కేంద్రాన్ని ఆక్రమించి కట్టలకు కట్టలు కాగితాలపై ముద్రలు గుద్దే దుష్టాచారానికి కూడా అడ్డుకట్ట పడింది. యంత్రం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి స్వీకరించదు. గంటసేపు ఆక్రమించినా మూడు వందల ఓట్లు దాటవు. అధికారి ఒక్క మీట నొక్కితే ఆ పాటి ఓటింగు కూడా ఆగిపోతుంది.

మేలు వెంట ఒక కీడు కూడా వచ్చింది. కాగితాల కాలంలో, ఓటర్లపై కక్షసాధింపు జరగవచ్చనుకున్న చోట వేరువేరు కేంద్రాల ఓట్లను ఒకచోట గుమ్మరించి కలగలిపి లెక్కించే వీలుండేది. ఏ ఊరు ఎవరికి వేసిందో ఎవరికీ తెలిసేది కాదు. యంత్రాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. ఏ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో సాయంత్రానికి పట్టికలతో సహా బయటికి వస్తుంది. ఒక చిన్న తండాకు గాని, ఒక వాడకు గాని వేరుగా కేంద్రం ఉంటే ఆ వాడ మనసు బట్టబయలైనట్లే. మనిషి ఓటు రహస్యంగానే ఉంది, ఊరి ఓటు రహస్యంగా లేదు. మాకు ఓటు వేయని వీధికి మంచినీటి గొట్టం ఎందుకన్న మాట ఎన్నికల తరువాత వినిపించని జిల్లా ఏది? దీనికి మందుగా పద్నాలుగు యంత్రాల ఓట్లను ఒకేసారి కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ అనే ఉపకరణాన్ని వాడాలని 2008లో ఎన్నికల సంఘం సూచించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఆ సూచనను బలపరచింది. ప్రభుత్వం అంగీకరించలేదు. కేంద్రాలవారీ లెక్కలు ఉంటేనే తాము ఎక్కడ బలహీనంగా ఉన్నామో తెలుస్తుందని పార్టీలు అనడం సహజమే. అయితే పార్టీల సౌకర్యం కోసం వాడవాసుల భయాన్ని భరించమనడం న్యాయమనిపించదు. ఇంతవరకు వచ్చిన సూచనలన్నింటిలో ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ ఉన్నది ఇదే.

రహస్యం విషయంలో అంధుల గోడు మరీ పాతది. చూపులేని ఓటరు వెంట ఒక తోడును తీసుకువెళ్ళవచ్చునని నియమం ఉండేది. ఆ తోడు చెప్పిన చోటే మీట నొక్కాడో లేదో తెలుసుకునే దారి ఆ ఓటరుకు లేదు. 2004లో హైదరాబాదు నగరంలోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో యంత్రంపై బ్రెయిలీ చుక్కల అంకెలు అమర్చి చూశారు. దేశంలో అదే మొదటి ప్రయోగం. 2009 నాటికి ఆ ఏర్పాటు అంతటికీ వ్యాపించింది. వేలి కొసతో వరుససంఖ్య తడిమి చూసి తానే మీట నొక్కుకోగలిగిన ఓటరుకు, అది యాభై ఏళ్ళకు పైగా ఆలస్యంగా అందిన రహస్య ఓటు.

యంత్రంలో వేసిన ఓటు సరిగానే నమోదైందని ఓటరుకు ఎలా తెలియాలి? మీట నొక్కిన తరువాత ఏడు సెకన్లపాటు గాజు వెనుక ఒక కాగితపు చీటీ కనిపించి, పెట్టెలో పడే వీవీప్యాట్ ఏర్పాటు ఈ ప్రశ్న నుండి పుట్టినదే. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో దానిని మొదట వాడారు. అదే సంవత్సరం అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని దశలవారీగా ప్రవేశపెట్టాలని ఆదేశించింది. 2019 నుండి ప్రతి శాసనసభ నియోజకవర్గంలోను లాటరీ పద్ధతిలో ఐదు కేంద్రాల చీటీలను యంత్రపు లెక్కతో సరిపోలుస్తున్నారు. చీటీలన్నీ లెక్కించాలన్న వినతిని 2024 ఏప్రిల్‌లో న్యాయస్థానం తిరస్కరించింది. కాగితాన్ని వదిలి యంత్రానికి వచ్చిన దేశం యంత్రానికి సాక్షిగా మళ్ళీ కాగితాన్నే పిలుచుకోవడం ముచ్చటైన విషయం.

ఇంతవరకు చెప్పినవన్నీ సమాధానాన్ని భద్రంగా స్వీకరించే ఉపాయాలు. ప్రశ్నలోనే లోపం ఉంటే? ‘వీరిలో నీకు ఎవరు కావాలి?’ అన్న ఒక్క ప్రశ్నే బ్యాలెట్ పత్రం అడుగుతుంది. ‘మా ఊరి నీళ్ళు తాగితే ఎముకలు వంకరపోతున్నాయి’ అని ఓటరు చెప్పదలచుకుంటే దానికి ఆ కాగితంలో గడి లేదు. నల్లగొండ జిల్లా ప్రజలు 1996లో ఆ గడిని తామే సృష్టించుకున్నారు. ఫ్లోరైడు నీటితో పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగుసుకుపోయి, యౌవనంలోనే నడుములు వంగిన వారు ఆ జిల్లా గ్రామాలలో వేల సంఖ్యలో ఉండేవారు. కృష్ణా జలాలు ఇమ్మని ఎన్ని వినతులిచ్చినా ఫలితం లేకపోయింది. జలసాధన సమితి పిలుపుతో లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. బరిలో నిలిచినవారు 480 మంది! 480 పేర్లు, 480 గుర్తులు ఉన్న బ్యాలెట్ పత్రం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందులో తన వాడి గుర్తు వెతుక్కోవడం ఓటరుకు ఒక యాతన అయింది. గెలవడం కోసం కాక, దేశం తమవైపు ఒక్కసారి చూడడం కోసం వారు పోటీ చేశారు. దేశం చూసింది. ఆ వేసవిలోనే తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో 1033 మంది పోటీచేశారు.

ఆ సంవత్సరమే చట్టం మారింది. లోక్‌సభ అభ్యర్థి ధరావతు సొమ్ము 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 2010 నాటికి ఆ ధరావతు 25,000 రూపాయలైంది. బ్యాలెట్ పొడవు తగ్గించడానికి ఇది పనికివచ్చే ఉపాయమే. కానీ తలుపు తట్టే చప్పుడు ఎక్కువైందని గడియ బిగించడం, తట్టేవాడు ఎందుకు తడుతున్నాడో అడగడం ఒకటి కావు. ఇరవై మూడేళ్ళ తరువాత నిజామాబాదు రైతులు ఆ సంగతి రుజువు చేశారు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు నెలకొల్పాలని కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికలలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ధరావతు భారం వారిని ఆపలేకపోయింది. పాత యంత్రాలు 64 పేర్లకు మించి మోయలేవు. కనుక కొత్త తరం యంత్రాలు తెప్పించి, ఒక్కొక్క కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లను వరుసగా పేర్చవలసి వచ్చింది. ముసలి ఓటరు ఆ పన్నెండింటి ముందు నడిచి తన గుర్తు వెతుక్కున్నాడు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది.

నల్లగొండ నాటికి లేని ఒక గడి తరువాత వచ్చింది. ‘వీరిలో ఎవరూ వద్దు’ అనదలచిన ఓటరు పూర్వం ఆ మాట పోలింగ్ అధికారికి చెప్పి, రిజిస్టరులో రాయించి, సంతకం గాని వేలిముద్ర గాని వేయవలసి ఉండేది. అభ్యర్థుల ఏజెంట్లు అక్కడే కూర్చుని చూస్తూ ఉంటారు. ఒకరికి ఓటు వేసేవాడికి రహస్యం ఉంది, ఎవరికీ వేయని వాడికి లేదు. ఈ అసమానతను ఎత్తిచూపుతూ ఒక పౌరహక్కుల సంస్థ 2004లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2013 సెప్టెంబరు 27న తీర్పు వచ్చింది. ఆ ఏడాది చివర జరిగిన శాసనసభ ఎన్నికలలో యంత్రంపై చిట్టచివరి మీటగా ‘నోటా’ చేరింది.

నోటాకు నోరు ఉంది గాని చేయి లేదు. దానికి ఎన్ని ఓట్లు పడినా మిగిలినవారిలో ఎక్కువ వచ్చినవాడే విజేత. 2024లో ఇందౌర్ లోక్‌సభ స్థానంలో ప్రధాన ప్రత్యర్థి నామినేషను ఉపసంహరించుకోగా నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ఫలితంపై దాని ప్రభావం శూన్యం. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్రాల ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక సంస్థల వరకు ఒక అడుగు ముందుకు వేసి, నోటాదే పైచేయి అయితే మళ్ళీ ఎన్నిక జరపాలని నిర్ణయించాయి. ఆ నియమం సర్పంచి స్థాయిలో మంచిదైతే పార్లమెంటు స్థాయిలో ఎందుకు కాదో చెప్పవలసిన బాధ్యత దానిని వద్దనేవారిదే.

‘ఎవరు కావాలి’ అన్న ప్రశ్నలో మరొక ఇరుకు ఉంది. దానికి చిన్న ఉదాహరణ చాలు. ఒక కళాశాలలో నలభై మంది విద్యార్థులు విహారయాత్రకు ఎక్కడికి వెళ్ళాలో చేతులెత్తి నిర్ణయించారనుకోవాలి. విశాఖపట్నానికి 16, వరంగల్లుకు 13, నాగార్జునకొండకు 11 చేతులు లేచాయి. విశాఖ గెలిచింది. కానీ మిగిలిన 24 మందిలో అత్యధికులు రెండు రోజుల ప్రయాణం వద్దనుకునేవారే. వారి మనసు రెండు చోట్లకు చీలినందున, ఎక్కువమంది వద్దనుకున్నదే అందరికీ దక్కింది. ఇప్పుడు ప్రతివారినీ 1, 2, 3 అని ప్రాధాన్య క్రమంలో రాయమనాలి. తక్కువ వచ్చిన నాగార్జునకొండను తొలగించి, ఆ పదకొండు మంది రెండవ ప్రాధాన్యం చూస్తే వరంగల్లుకు 9, విశాఖకు 2 ఉన్నాయనుకుంటే, లెక్క వరంగల్లు 22, విశాఖ 18 అవుతుంది. సగానికి మించిన మద్దతు వరంగల్లుదే. మనసులు మారలేదు, అడిగిన తీరు మారింది, ఫలితం మారింది. రాష్ట్రపతి ఎన్నికలోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల శాసనమండలి పట్టభద్రుల స్థానాలలోను అనుసరించేది ఈ ప్రాధాన్య ఓటు పద్ధతే.

అలాగని దీనిని అన్ని రోగాలకూ మందుగా భావించరాదు. 2021 మార్చిలో హైదరాబాదు–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో 93 మంది, నల్లగొండ–ఖమ్మం–వరంగల్ స్థానంలో 71 మంది పోటీచేశారు. దినపత్రికంత బ్యాలెట్ పత్రాలు తయారయ్యాయి. ఒక్కొక్కరినే తొలగిస్తూ లెక్కించడానికి రోజుల తరబడి పట్టింది. ఓటర్లందరూ పట్టభద్రులే అయినా ఒక్కొక్క స్థానంలో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. కొందరు అంకె వేయవలసిన చోట టిక్కు పెట్టారు, కొందరు ఒకే అంకెను ఇద్దరికి వేశారు. 1952లో అక్షరం రాని ఓటరుకు తగినట్లు పెట్టెను దిద్దినవారి వంటి శ్రద్ధ ఇక్కడ కనబడదు. చదువుకున్నవాడు ఎలాగూ తెలుసుకుంటాడులే అన్న ధీమా ఇరవై వేల ఓట్లను మింగింది. ఏ లెక్కింపు పద్ధతీ అన్ని న్యాయాలనూ ఒక్కసారిగా తీర్చలేదని అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1951లో, చీనీ తహసీలులో మొదటి ఓటు పడిన ఏడాదే వెలువడిన గ్రంథంలో, గణితరీత్యా నిరూపించాడు. కనుక పరిపూర్ణమైన పద్ధతికోసం ఎదురుచూడడం కంటె ఉన్నదానిలో ఎవరు నష్టపోతున్నారో చూడడమే చేయదగిన పని.

అలా నష్టపోతున్నవారిలో నేడు ముందువరుసలో ఉన్నది వలసకూలీలు. పాలమూరు నుండి ముంబయికి, పూనాకు మట్టిపనికి పోయినవారి ఓటు ఊరిలోనే ఉంటుంది. పోలింగు రోజుకు రావాలంటే రెండు మూడు దినాల కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఖర్చు తామే పెట్టి బండి ఎక్కించే పెద్దమనుషులు ఎన్నికల వేళ ఉండనే ఉంటారు. అయితే ఆ బండి ఎక్కినవాడి ఓటు బండి తోలించినవాడిదే అవుతుంది. ఉన్నచోటు నుండే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే వీలు కల్పించడానికి ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ఒక దూర ఓటింగు యంత్రాన్ని ప్రతిపాదించింది. ఒకే కేంద్రం నుండి 72 నియోజకవర్గాల ఓట్లు స్వీకరించగల నమూనాను సిద్ధం చేసి 2023 జనవరి 16న పార్టీల ప్రతినిధులను పిలిపించింది. వలసకూలీ అంటే ఎవరు, వారి జాబితా ఎవరు రాయాలి, దూరపు కేంద్రంలో తమ ఏజెంటు ఎలా కూర్చోవాలి అన్న ప్రశ్నలు ప్రతిపక్షాలు వేశాయి. అవి కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. వాటికి సమాధానం కుదరక ఆ సూచన అక్కడే ఆగింది. 2024 మే 13న తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు ఓట్లు పడిన నాడు కూడా దూరపు కూలీకి ఊరి దారి తప్ప మరో దారి లేదు.